మిణుగురు గది

ఆసుపత్రి వెనక వరసలో చివరి గదికి రెండు నల్లతెరలు ఉండేవి. మొదటి తెర దాటించేసరికే నాలుగేళ్ల ప్రిన్సీ తలుపు చెక్క పట్టుకుని నిలబడిపోయింది. బయట పదకొండు గంటల ఎండ కళ్లు చెదిరేలా కాస్తోంది. లోపల ఏమీ కనపడడం లేదు.

"నేను రాను. మళ్లా ముక్కులో గొట్టం ఏస్తారు," అంది.

"గొట్టం లేదమ్మా, ఒట్టు. వట్టి ఆవిరి పీల్చుకోవడమే," అని తల్లి కరుణ బతిమాలింది. ఆ గదిలో యంత్రం నడిపే షాహీనా తన చేతిమీద కాస్త ఆవిరి కొట్టుకుని చూపించింది. పిల్ల పట్టు వదల్లేదు. చివరికి కరుణ తల్లి మార్తమ్మ ముందుకొచ్చి, "నేను కూసుంటా. నా ఒళ్లో కూసుంటావా?" అని అడిగితే తల ఊపింది.

డాక్టర్ ఇందుమతి కాస్త తటపటాయించింది. ఆవిరి పట్టే గాజు అరలో పిల్లలు ఒక్కరే కూర్చోవాలన్న నియమం పెట్టింది తనే. కానీ ఈ పిల్లను ఇవాళ వెనక్కి పంపితే మళ్లీ తీసుకొస్తారన్న నమ్మకం ఆమెకు లేదు.

"ఆ ఆవిరి మీరూ పీలుస్తారు అవ్వా. పర్వాలేదా?"

"ఏమన్నా అవుద్దా?"

"ఏమీ కాదు."

"అయితే కానీండి."

ప్రిన్సీ అయిదు నెలలుగా చిక్కిపోతోంది. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. దగ్గు పెద్దగా లేదు. వాళ్లది మార్కాపురం దగ్గర పలకల రాయి తీసే ఊరు, నల్లగుట్టపాడు. ఒక డాక్టరు నులిపురుగులన్నాడు. ఇంకొకాయన టైఫాయిడ్ అన్నాడు. ఎక్స్‌రేలో నీడ ఉందన్నారు, ఆ తర్వాత లేదేమో అన్నారు. పెద్దవాళ్లకు టీబీ వస్తే దగ్గి కఫం ఉమ్ముతారు, అందులో క్రిమి దొరుకుతుంది. చిన్నపిల్లలు ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకని పరగడుపున ముక్కులోంచి గొట్టం దించి కడుపులోది తీయాలి. పోయిన నెలలో ప్రిన్సీకి రెండుసార్లు తీశారు. కరుణ కాళ్లు పట్టుకుంది, మార్తమ్మ చేతులు పట్టుకుంది. ఏమీ దొరకలేదు. పిల్లల ఒంట్లో ఆ క్రిములు అంత తక్కువగా ఉంటాయి. ప్రాణం తీయడానికి మాత్రం ఆ కాసినీ చాలు.

జబ్బేదో తేలకపోయినా, అది ఎవరి నుంచి వచ్చిందో ఇంట్లో అందరికీ ముందే తెలుసు. ప్రిన్సీ తండ్రి దానియేలుకు పద్నాలుగు నెలల కిందట టీబీ అని చెప్పారు. ఆ మాట విన్న రోజే మార్తమ్మ వచ్చి కూతుర్నీ మనవరాల్నీ ఊరికి ఆ చివరనున్న తన ఇంటికి తీసుకుపోయింది. దానియేలు ఒక్కడే ఉండి ఆరు నెలలూ తప్పకుండా మందులు మింగాడు. తగ్గిందని ఆసుపత్రివాళ్లు కాగితం రాసిచ్చారు. అది పట్టుకుని వెళ్తే మార్తమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "ఇంకొన్నాళ్లు పోనీ," అంది. పిల్లకు జ్వరం మొదలయ్యాక ఆ మాట అనడం కూడా మానేసింది. ఇవాళ కూడా అతను వాళ్ల వెనకే ఇంకో ఆటోలో వచ్చి, సైకిళ్ల షెడ్డు కింద నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.

షాహీనా మీట నొక్కింది. గాజు అరలోకి సన్నటి ఆవిరి దిగింది. అందులో ఒక వైరస్ ఉంది. అది మనిషి జోలికి రాదు. టీబీ క్రిమి ఒక్కటే దాని తిండి. ఇందుమతి, షాహీనా కలిసి తొమ్మిదేళ్లు తంటాలు పడి దానికి ఒక విద్య నేర్పారు. బతికున్న క్రిమిలోకి దూరగానే అది ఆ క్రిమిని వెలిగిస్తుంది. ఆ వెలుగు మామూలు కంటికి ఆనదు గానీ, కండనూ ఎముకనూ దాటుకుని బయటికి వస్తుంది. ఎదురుగోడ మీది తెర దాన్ని పట్టి పచ్చగా చూపిస్తుంది. కాగితాల మీద ఈ పరీక్షకు పొడుగాటి పేరు ఉంది. వచ్చిన పిల్లలు మాత్రం దీన్ని మిణుగురు గది అనేవాళ్లు. ప్రిన్సీ ముప్ఫై ఏడో పాప.

చీకట్లో పది నిమిషాలు గడిచాయి. మార్తమ్మ ఏదో ప్రార్థన పాట సన్నగా గొణుగుతూ, పిల్ల మోకాలి మీద వేళ్లతో తడుతూ కూర్చుంది.

మొదట ఒక్క చుక్క వచ్చింది. ఆవగింజలో సగం ఉంటుంది. అది నిజంగా ఉందా, కళ్లు భ్రమపడుతున్నాయా అనుకునేలోపు దాని పక్కన ఇంకొకటి, దాని కింద మూడు. ఊపిరి గొట్టం రెండుగా చీలే చోట ఒక చిన్న గుత్తి విరబూసినట్టు వచ్చింది. గుత్తికి దూరంగా, కుడివైపు అంచున రెండే రెండు. షాహీనా పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. పదిహేడు.

"అవేనా?" అంది కరుణ.

"అవేనమ్మా," అంది షాహీనా.

"ఇంతింత చిన్నవా?"

ఇందుమతి తెర దగ్గరికి జరిగింది. ముప్ఫై ఆరుసార్లు చూసినా ఆ క్షణంలో ఆమెకు ప్రతిసారీ ఒళ్లు గగుర్పొడిచేది. ఎన్ని వేల ఏళ్లుగా తల్లులు పిల్లల నుదురు తాకి చూసుకుంటూ, వీళ్లను లోపల తినేస్తున్నదేమిటో తెలియక ఏడ్చారో. అది ఇప్పుడు ఆమె కళ్లముందు పచ్చగా, నిశ్శబ్దంగా, ఎంతో అందంగా వెలుగుతోంది. మనిషిని చంపేదాన్ని అందంగా ఉందనుకోవడానికి ఆమెకు ప్రతిసారీ సిగ్గేసేది.

"నాలో మిణుగురులున్నయ్!" అని ప్రిన్సీ చప్పట్లు కొట్టింది.

అప్పుడు పిల్ల తలకు పైన, అంతవరకూ వట్టి చీకటిగా ఉన్న చోట, ఇంకో వెలుగు లేచింది. అది ఒక చుక్క కాదు, పది కాదు. చెదిరిన నూకల్లా గుంపులు గుంపులుగా, లెక్కకు అందకుండా పరుచుకున్నాయి. ఒళ్లో కూర్చున్న పిల్ల తలకు పైన ఉండేది మార్తమ్మ ఛాతీ.

షాహీనా ఇందుమతి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మార్తమ్మ ఊపిరితిత్తుల పైభాగం నిండా టీబీ ఉంది. పదేళ్లుగా ఆమె దగ్గుతోంది. రాతిదుమ్ము దగ్గని ఆమె అనుకుంది, ఊరనుకుంది, చూసిన డాక్టర్లూ అనుకున్నారు. ఈ సంగతి ఆమెకు ఎలా చెప్పాలా అని ఇందుమతి మాటలు వెతుక్కుంటూ ఉండగానే మార్తమ్మ గొంతు వినిపించింది.

"డాక్టరమ్మా, పైనుండేయి నాయేనా?"

"అవును అవ్వా. భయపడకండి. దీనికి మంచి మందులున్నాయి."

"అది కాదమ్మా. కిందయీ పైనయీ ఒకటే దరువు కొడతన్నయ్."

ఇందుమతికి అర్థం కాలేదు. మార్తమ్మ పిల్ల మోకాలి మీద వేలితో కొట్టి చూపించింది. గబగబా రెండు. ఒక ఆగుడు. నిదానంగా ఒకటి. మళ్లీ గబగబా రెండు.

మార్తమ్మ ముప్ఫై ఏళ్లు రాతిగనిలో పలకలు విడదీసిన మనిషి. బండ లోపల ఎక్కడ పొర వదులుగా ఉందో ఉలి మోతను బట్టి చెప్పేది. పక్కన పదిమంది సుత్తులు మోగుతున్నా తన మోత తను పట్టుకునేది. ఆమె అలా కొడుతూ ఉంటే ఇందుమతి తెరవైపు చూసింది. చుక్కలన్నీ మిణుకుమిణుకుమంటున్నాయి. అది ఆమెకు తెలిసిందే.

"పిల్ల ఊపిరి తీసుకుంటుంది కదా అవ్వా, ఆ కదలికకు అలా కనిపిస్తాయి."

"అయితే ఊపిరి ఆపుతాం సూడండి. బంగారూ, ముక్కు మూసుకో."

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. తెరమీద గబగబా రెండు, ఒక ఆగుడు, నిదానంగా ఒకటి. పదిహేడు చుక్కలూ కలిసి, పైనున్న వందల చుక్కలతో కలిసి, ఒకే చేత్తో వాయిస్తున్నట్టు వెలిగి ఆరుతున్నాయి.

"మేడమ్," అంది షాహీనా నెమ్మదిగా. "మనం ప్రతి ఫొటోనీ ఒక నిమిషం పాటు తీస్తున్నాం. మిణుకులన్నీ కలిసిపోయి ఒక్క చుక్కగా పడతాయి. తొమ్మిదేళ్లుగా మనం నమ్మింది ఆ ఫొటోల్నే."

తెరమీద మిణుకులు కనిపిస్తున్నా వాటి వరసను ఎవరూ పట్టి చూడలేదు. ఇవాళ ఒక ముసలామె చూసింది.

మార్తమ్మ ఆ దరువును పిల్ల మోకాలి మీద ఇంకోసారి కొట్టుకుంది. తర్వాత, "బయట మా అల్లుడుండాడు. ఆయన్ని కూడా ఈ పెట్టెలో కూసోబెట్టండి," అంది.

ఆమె ఏం ఆలోచిస్తోందో ఇందుమతికి అప్పుడు తట్టింది. "ఇవాళ వద్దు అవ్వా. ఇది ఇంతవరకూ ఎవరూ చూడనిది. దీని అర్థమేంటో నాకే తెలీదు."

"నాకు తెలస్తంది. పిలిపీండి."

దానియేలు వచ్చి గాజు అరలో కూర్చున్నాడు. ఎందుకు పిలిచారో అతనికి తెలియదు. జబ్బు తిరగబెట్టిందేమోనని అతని ముఖం పాలిపోయి ఉంది. పది నిమిషాలు గడిచాయి. మందులు వాడి తగ్గినవాళ్లలో కూడా పాత మచ్చల్లో ఒకటో రెండో క్రిములు నిద్రపోతూ ఉండొచ్చు. దానియేలు ఎడమ భుజం కింద రెండు చుక్కలు మసకగా వెలిగాయి. ఒకటి. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒకటి. బరువైన గంట ఎవరో దూరంగా కొడుతున్నట్టుంది.

మార్తమ్మ గాజు మీద గోటితో ఆ దరువు కొట్టింది. తర్వాత తన దరువు కొట్టింది. రెండూ ఎక్కడా కలవలేదు.

"దానియేలూ," అంది. "పిల్లకుండే జబ్బు నీది కాదయ్యా. నాది."

"ఊరుకోమ్మా," అంది కరుణ. "డాక్టరమ్మ ఇంకా తెలీదంటంది గదా."

"నేను ఊరుకోను. పద్నాలుగు నెలలు ఈయన్ని గుమ్మం ఎక్కనీలా. కాపాడతన్నా అనుకుని దాన్ని నా పక్కలో పడుకోబెట్టుకున్నా."

దానియేలు లేచాడు. రెండు తెరలూ తోసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు. కొళాయి దగ్గర కూర్చుని ముఖం కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. కరుణ వచ్చి పక్కన కూర్చునే వరకూ అలా కడుక్కుంటూనే ఉన్నాడు.

ఆ సాయంత్రమే మార్తమ్మ తన బట్టలు మూటగట్టుకుంది. కూతురూ అల్లుడూ మనవరాలూ తన ఇంట్లో ఉండాలని చెప్పి, దానియేలు అన్నాళ్లూ ఒంటరిగా ఉన్న ఇంటికి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది.

ప్రిన్సీకి ఏ మందులు ఇవ్వాలన్నది మరునాటి సమస్య. పిల్ల నుంచి క్రిమి చేతికి దొరికితేనే కదా, ఏ మందుకు చస్తుందో తెలిసేది. మామూలుగా అయితే ఇంట్లో జబ్బుపడిన మనిషికి పనిచేసిన మందులే పిల్లకూ ఇస్తారు. దానియేలుకు పనిచేసిన మాత్రల పేర్లు ఇందుమతి అప్పటికే కాగితం మీద రాసింది. కానీ మార్తమ్మ కఫాన్ని పరీక్షిస్తే, ఆ మాత్రల్లో ముఖ్యమైనది ఆమె క్రిమిని ఏమీ చేయలేదని తేలింది. ఇందుమతి పాత కాగితం చింపేసి కొత్తది రాసింది. పిల్లకు నీళ్లలో కరిగే, నారింజ రుచి మాత్రలు తెప్పించింది. ఆ ముసలామె తనకు తెలిసింది తనలోనే దాచుకుని ఇంటికి పోయి ఉంటే, ప్రిన్సీ పనికిరాని మందు మింగుతూ ఉండేది. బాగవుతోందని అందరూ నమ్ముతూ ఉండగానే ఆ గుత్తిలోంచి ఒక చుక్క మెదడుకు ప్రయాణం కట్టేది.

తర్వాత రెండు నెలలు ఇందుమతీ షాహీనా వారంలో కొన్ని రోజులు యంత్రాన్ని వ్యానులో పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగారు. ప్రతి పిల్ల ఛాతీలోని దరువూ ఆ చుట్టుపక్కల వయసులో పెద్దయిన ఎవరో ఒకరిలో దొరికేది. ఒక ఊళ్లో ఆరుగురు పిల్లల్లో ఒకటే దరువు. వెతికితే అది బడికి పిల్లల్ని తీసుకెళ్లే ఆటో నడిపే ఆయనది. ఆయనకు దగ్గున్న సంగతి ఆయనే పట్టించుకోలేదు. మరొకచోట తొంభై ఏళ్ల ముసలాయనలోని దరువు ఆయన కొడుకులో, మనవడిలో, అప్పుడే నడక నేర్చిన మునిమనవరాలిలో కనిపించింది. నాలుగు తరాల వాళ్లు వరసగా కూర్చుంటే తెరమీద నాలుగు చోట్ల ఒకే వెలుగు కొట్టుకుంది. వ్యానులో ఉన్నవాళ్లందరూ దండం పెట్టాలో భయపడాలో తెలియనట్టు నిలబడిపోయారు.

అయితే ఒక ఇంట్లో, మరిది కొడుకులోని దరువు తనదేనని తేలిన కోడల్ని అత్తవారు పుట్టింటికి పంపేశారు. ఆమె మందులు కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. ఆమెను వెతికి పట్టుకోవడానికి షాహీనాకు పదకొండు రోజులు పట్టింది.

ఆ వారమే ఇందుమతి తలుపు వేసుకుని తనే గాజు అరలో కూర్చుంది. అంతవరకూ తనను తాను చూసుకోవాలని ఆమెకు తోచలేదు. పది నిమిషాల తర్వాత తెరమీద, గుండెకు కాస్త పైన, ఒకే ఒక్క చుక్క వెలిగింది. గబగబా మూడు, ఒక ఆగుడు. నిద్రపోతున్న క్రిమి. ఏ హానీ చేయకుండా ఎన్నేళ్లుగా అక్కడ ఉందో. ఆ దరువు తను తిరిగిన ఊళ్లలో ఎక్కడా చూడలేదు. చిన్నప్పుడు ఆమెను ఎత్తుకున్నవాళ్లు ఎంతోమంది. వాళ్ల నాయనమ్మ, జ్వరం వస్తే రాత్రంతా భుజాన వేసుకు తిరిగిన మేనమామ, పక్కింటి టీచరుగారు. అందరూ పోయారు. వాళ్లలో ఒకరి ఊపిరి తన ఊపిరికి అంత దగ్గరగా వచ్చింది. ఎవరిదో ఇక ఎన్నటికీ తెలియదు. దూరంగా ఉన్నవాళ్ల నుంచి ఇది రాదు. దగ్గరగా తీసుకున్నవాళ్ల నుంచే వస్తుంది. ఇందుమతి ఆ చుక్కను చాలాసేపు చూస్తూ కూర్చుంది. మరునాటి నుంచి తనూ మాత్రలు మొదలుపెట్టింది.

దరువు తమ ఇద్దరికి తప్ప ఇంకెవరికీ కనపడకుండా ఇందుమతి షాహీనా చేత యంత్రంలో తాళం వేయించింది. ఎవరికి మందు అవసరమో చెబుతాం, ఎవరి నుంచి వచ్చిందో చెప్పం, ఆ మాట చెప్పే హక్కు ఆ దరువు ఉన్న మనిషి ఒక్కరిదే అని నియమం రాసింది. పేర్ల పట్టిక కావాలని పైనుంచి రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఇవ్వనంది.

ప్రిన్సీ వారం వారం వచ్చేది. ఇప్పుడు ఒక్కతే గాజు అరలోకి పరిగెత్తేది. పదిహేడు చుక్కలు పన్నెండయ్యాయి, అయిదయ్యాయి. చుక్క ఆరే ముందు దాని దరువు తడబడేది, ఒకటి రెండుసార్లు ఆగి ఆగి వెలిగేది, ఇక వెలిగేది కాదు. పిల్ల బుగ్గలు నిండాయి. నాలుగో నెల చివర్లో ఒక పొద్దున పది నిమిషాలు దాటినా, ఇరవై దాటినా తెర నల్లగానే ఉండిపోయింది.

"పోయినయ్," అని షాహీనా నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. కరుణ దానియేలు భుజం మీద తల ఆనించింది.

ప్రిన్సీ మాత్రం గొల్లుమంది. "నా మిణుగురులేయి? నా మిణుగురులు కావాల!"

దానియేలు పిల్లను ఎత్తుకుని ఎండలోకి తీసుకొచ్చాడు. కాసేపు ఊరుకోబెట్టి, ఊళ్లో ఆటో దిగాక కరుణకు అందించాడు. "మీరు పోతా ఉండండి, నేనొస్తా," అని చెప్పి తన పాత ఇంటికి నడిచాడు.

మార్తమ్మ తలుపు తీసి పక్కకు తప్పుకుంది. ఆమె నుంచి జబ్బు ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరమ్మ చెప్పి రెండు నెలలు దాటింది. అయినా ఆమె ఇల్లు కదల్లేదు. కరుణ వచ్చినా కిటికీలోంచే మాట్లాడి పంపేది.

"పిల్లకి తగ్గింది. ఒక్కటి కూడా లేదు," అన్నాడు దానియేలు.

ఆమె గోడకు చేరగిలబడి కిందికి జారి కూర్చుంది. చాలాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"డాక్టరమ్మ చెప్పిందత్తా. నువ్వారోజు నోరు తెరిచి చెప్పకపోయుంటే నా మందులే దానికి ఇచ్చేవాళ్లంట. అయి పనిజేసేయి కావంట."

దానియేలు ఆమె వైపు చెయ్యి చాచాడు.

"లే. ఇంటికి పోదాం."

"నేను నిన్ను గుమ్మం ఎక్కనీలా."

"అవును. ఈ ఇంట్లో ఒక్కణ్ణే ఉండా. ఎట్టుంటదో నాకు తెలుసు. అందుకే వచ్చా."

"పిల్ల నన్ను అడగతందా?"

"రోజూ."

"ఏం చెప్తన్నావు?"

"అవ్వకి ఒంట్లో బాగలేదు, మందు మింగతంది, తగ్గంగానే వస్తదని." అతను గుమ్మం వైపు చూశాడు. "పిల్ల నన్నడిగినప్పుడు నువ్వు కూడా అట్టా చెప్పుంటే బాగుండేదత్తా. ఊరొదిలి పోయాడని చెప్పావంట."

మార్తమ్మ తల దించుకుని ఏడ్చింది. దానియేలు ఊరుకోమనలేదు, అన్న మాట వెనక్కీ తీసుకోలేదు. గుమ్మంలో కూర్చుని ఆమె ఏడుపు అయ్యేదాకా ఉన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి దండెం మీది రెండు చీరలూ, గూట్లోని మాత్రల డబ్బా తీసి మూటగట్టాడు.

మిట్టమధ్యాహ్నం వీధిలో ఇద్దరూ బయల్దేరారు. నాలుగు నెలల తర్వాత బయటికొచ్చిన మార్తమ్మను చూడ్డానికి జనం గుమ్మాల్లోకి వచ్చారు. ఆమె సిగ్గుతో కుంచించుకుపోయి అతని నుంచి పదడుగులు వెనకబడింది. దానియేలు ఆగాడు. వెనక్కి తిరగలేదు, పిలవలేదు. మూట చంకలో పెట్టుకుని ఎండలో అలాగే నిలబడ్డాడు. ఆమె వచ్చి పక్కన చేరాక మళ్లీ అడుగు వేశాడు.